ఐదో భాగం వెనక చీటీ

పిల్లల నవలల మీద సమీక్షలు రాసి రాసి నేను తెచ్చుకున్నది చెడ్డపేరే. పదిహేనేళ్ళకు అటూ ఇటూ ఉన్న పిల్లల కోసం వచ్చే నవలల గురించి ఒక మాసపత్రికలో నెలనెలా రెండు పేజీలు రాస్తాను. మొదటి భాగం బాగుండి రెండో భాగం నీరుగారిపోతే ఆ మాట అనేస్తాను. మూడో భాగంతోనే అయిపోయిన కథను నాలుగో భాగంలోకి ఈడ్చుకొస్తే జీడిపాకం అని రాసేస్తాను. కుర్ర రచయితలు ఫోన్ చేసి "మేడమ్, కాస్త దయతో చదవండి" అంటారు. దయతోనే చదువుతాను, రాసేటప్పటికే అది అడుగంటిపోతుంది. కాని ఎంత కటువుగా రాసినా ఒక నియమం తప్పను. చివరి పేజీ దాకా చదవకుండా ఒక్క అక్షరం రాయను, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కాక ఇంకోలా రాయను. ఈ నియమం నాకు పుట్టుకతో రాలేదు. పన్నెండేళ్ళ వయసులో దాన్ని తప్పి పట్టుబడ్డాక వచ్చింది. నన్ను పట్టుకున్నది బొగ్గుగని కార్మికుల క్లబ్బులో పుస్తకాలు చూసే మంథని పంతులు సార్. నేను తప్పింది మాత్రం మా బాపు కోసం. మా వైపు తండ్రిని బాపు అంటాం, తల్లిని అవ్వ అంటాం. నా జీవితంలో బాపుకు చెప్పిన ఒకే ఒక్క పెద్ద అబద్ధం అది. ఆ సంగతి తెలియకుండానే ఆయన కన్నుమూశాడని పోయిన నెల దాకా నమ్ముతూ, అప్పుడప్పుడు బాధపడుతూ ఉన్నాను.

పోయిన నెల పంతులు సార్ కూతురు వాణి మంథని నుంచి ఫోన్ చేసింది. పంతులు సార్ పోయి చాలా ఏళ్ళయింది. వాణి టీచరుగా చేసి రిటైరైంది. "అక్కా, నాన్న ట్రంకుపెట్టె ఇన్నేండ్లకు తెరిచినం. మీ గోదావరిఖని క్లబ్బు పుస్తకాలు ఉన్నయి దాంట్ల. క్లబ్బు బీరువా తీసేసిన్నాడు చిత్తుకాగితాల్ల పోతయని తెచ్చుకున్నడట. ఒకటి మాత్రం నీకే ఇయ్యాలని నాకు ఎప్పుడో చెప్పిండు. నేనే మరిచిపోయిన" అంది. ఏ పుస్తకమని అడిగాను. "నీలికొండ పిల్లలు. ఐదో భాగం" అంది. నా చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే మంథని బస్సెక్కాను.

వాణి ఇచ్చిన పుస్తకం వీపుకు నీలం గుడ్డ అంటించి ఉంది, పంతులు సార్ చేతి పనే. నాఫ్తలీను గోలీల వాసన. దాని కింద బొగ్గుపొగ వాసన నిజంగానే ఉందో, నా ముక్కే గుర్తు తెచ్చుకుందో చెప్పలేను. "వెనక చూడు అక్కా" అంది వాణి. చూస్తాలే అన్నాను గాని తెరవలేదు. ఆ వెనక ఏముందో నాకు తెలుసు. నా చేతిరాతతో నా సిగ్గు ఉంది. కాసేపు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మనసు తిన్నగా మా క్వార్టర్ ముందుకు పోయింది.

రెండు గదుల క్వార్టర్లు, వరుసకు పన్నెండు. తెల్లవారితే ప్రతి గడప ముందూ ఒక బొగ్గుల పొయ్యి వెలిగేది. రాజుకునేదాకా పసుపుపచ్చని పొగ చిమ్ముతుంటే వరుసంతా దగ్గుతూ నిద్రలేచేది. బాపు టింబర్‌మెన్. గనిలో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగల ఆసరా పెట్టే పని. ఫస్టు షిఫ్టు వారమైతే మధ్యాహ్నం మూడు దాటాక ఇల్లు చేరేవాడు. కళ్ళు, పళ్ళు తప్ప మొహమంతా నలుపు. అవ్వ అప్పటికే నీళ్ళ గాబు పక్కన వేణ్ణీళ్ళు తోడి ఉంచేది. ఒకసారి సబ్బు పెట్టి, మళ్ళీ ఒకసారి పెట్టి, వీపు అవ్వ చేత రుద్దించుకుని స్నానం చేశాక, కొబ్బరినూనె వేలికి రాసుకుని కనురెప్పల అంచుల్లో ఇరుక్కున్న నలుపు తీసుకునేవాడు. ఎంత తీసినా సన్నటి గీత ఒకటి మిగిలిపోయేది. కాటుక పెట్టుకున్నావని అవ్వ ఎగతాళి చేసేది. ఆ తర్వాత సర్వపిండి ముక్క, గ్లాసెడు చాయ్. అది తాగి గడప ముందు నులకమంచం వాల్చుకుని "ఆఁ, తియ్యి బిడ్డా పుస్తకం" అనేవాడు.

బాపుకు చదువు రాదు. కాని కథంటే ప్రాణం. పక్క క్వార్టర్ ఓదెలు కాక కూడా బీడీ కట్టతో సహా వచ్చి మంచం పట్టెమీద కూర్చునేవాడు. ఆయన బాపుకు పనిలో జోడు, ఒకే షిఫ్టు. ఓదెలు కాకకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, పుస్తకం మాత్రం ఓపిక పట్టి చదవలేడు. ప్రతి నవలలోనూ దొంగెవరో ముందే చెప్పేవాడు, ఎప్పుడూ తప్పే చెప్పేవాడు. "దొంగ పోస్టుమాస్టరే. రాసిపెట్టుకో కొమురన్నా" అని బాపు ముందు చెయ్యి చాపేవాడు. పోస్టుమాస్టరు మంచివాడని తేలిన రోజు కూడా "వాని మొఖంల ఏదో ఉన్నది, వచ్చే భాగంల బయటపడ్తది" అనేవాడు.

నీలికొండ పిల్లలు మొత్తం ఏడు భాగాలు. సముద్రం ఒడ్డున ఉన్న జిల్లాల నుంచి ఎవరో రాసినవి. కొండ కింద ఒక చిన్న రైల్వే స్టేషను, నలుగురు పిల్లలు, వాళ్ళకు తోడుగా రైలుపట్టాలు చూసే పనిలో రిటైరైన పైడయ్య తాత. అడవి, దొంగలు, పోయిన నగలు, పాత సొరంగం. పుస్తకంలో భాష మాది కాదు. "పైడయ్య తాత కండువా దులుపుకుని లేచాడు" అని ఉంటే నేను "పైడయ్య తాత తువ్వాల దులుపుకొని లేశిండు" అని చదివేదాన్ని. మొదట్లో ఉన్నది ఉన్నట్టు చదివితే బాపే ఆపాడు. "గది రేడియోల చెప్పినట్టున్నది బిడ్డా. మనోళ్ళ లెక్క చదువు" అన్నాడు. దాంతో అచ్చులో ఒకటి ఉండగా నోటితో ఇంకొకటి చెప్పడం నాకు అలవాటైపోయింది. ఈ అలవాటే తర్వాత నా కొంప ముంచింది. ఇంకో షరతు కూడా ఉండేది. వాళ్ళకంటే ముందు నేను చదవకూడదు. "నీకు ముందే తెలిస్తే నీ గొంతుల తెలుస్తది" అనేవాడు బాపు.

చెవి విషయంలో బాపును మించినవాణ్ణి నేను చూడలేదు. గనిలో రోజూ పని మొదలుపెట్టే ముందు, కొసకు ఇనుము తొడిగిన కర్రతో పైకప్పును తట్టి చూడాలి. గట్టిగా పలికితే భయం లేదు. బోలుగా పలికితే పొర విడిచిందని అర్థం, అక్కడ దుంగ పెట్టకుండా అడుగు ముందుకు వేయకూడదు. కప్పు కూలేముందు ఆసరా దుంగలు కూడా కిర్రుమని పలుకుతాయని, ఆ చప్పుడు వినగానే పరుగెత్తాలని చెప్పేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. సంతలో కుండను, ఖర్బూజను, కొత్తగా వేసిన తలుపును, దేన్నయినా వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. కథ వింటున్నప్పుడు నమ్మశక్యం కాని చోటు వస్తే మంచం పట్టెను కణుపుతో టకటకమని కొట్టి "ఈడ జర బోలు పలుకుతున్నది" అనేవాడు. ఇన్నేళ్ళుగా నేను రాసిన సమీక్షలన్నీ కలిపినా ఆ మాట కంటే ఎక్కువేమీ చెప్పలేదు.

పుస్తకాలు క్లబ్బు నుంచి వచ్చేవి. అక్కడ రెండు క్యారమ్ బోర్డులు, నాలుగు పేపర్లు, ఒక ఇనుప బీరువా నిండా పుస్తకాలు. బీరువా తాళంచెవి పంతులు సార్ జంధ్యానికి ఉండేది. కార్మికుల పేరు మీద తప్ప పుస్తకం ఇవ్వరు. పేరు కూడా కాదు, గనిలోకి దిగేటప్పుడు ఇచ్చే బిళ్ళ మీద ఉండే నంబరు. బాపుది 1147. పంతులు సార్ ప్రతి పుస్తకం వెనక అట్టకు ఒక తెల్ల చీటీ అంటించి ఉంచేవాడు. చదివినవాళ్ళు దాని మీద రెండు వాక్యాలు రాసి కింద నంబరు వేస్తేనే తర్వాతి భాగం చేతికి వచ్చేది. "మంచిగున్నది అని రాసి చేతులు దులుపుకుంటె ఒప్పుకోను. ఏది మంచిగున్నది, ఎందుకు మంచిగున్నది, గది రాయాలె" అనేవాడు. సీరియలు నవలల వెనక చీటీలు అసలు కథకంటే సరదాగా ఉండేవి. "పెండ్లి దాకా బాగుంది, తర్వాత నిద్ర వచ్చింది" అని ఒక నంబరు. "దొంగ ఎవరో నాకు ముప్పయ్యో పేజీల తెలిసింది, రాసినాయనకు ఆఖరి పేజీల తెలిసింది" అని ఇంకో నంబరు. పగలంతా భూమి లోపల పనిచేసి వచ్చినవాళ్ళు రాసినవి అవి. ఓదెలు కాక క్యారమ్స్ ఆడటానికి పోయి, పుస్తకాలు వదిలేసి చీటీలు మాత్రం కూడబలుక్కుని చదివి నవ్వుకుంటూ వచ్చేవాడు.

ఐదో భాగం చివరికి వచ్చేసరికి ఎండాకాలం సెలవులు. బాపుది సెకండు షిఫ్టు వారం. ఆ వారం కథ మధ్యాహ్నం అన్నం తిన్నాక, డ్యూటీకి పోయే ముందు. మా ఇంట్లో డ్యూటీకి పోయే ముందు గంట అంటే పూజ వేళలా ఉండేది. ఎక్కడికి పోతున్నావని అడగకూడదు. తుమ్మితే కూర్చుని నీళ్ళు తాగి లేవాలి. చావు, దెబ్బ, పడటం అనే మాటలు ఎత్తకూడదు. నాకు ఇవన్నీ అవ్వ పిచ్చి అనిపించేవి. కాని ఆ ఏడాదే మా వరుసలో చివరి క్వార్టర్ ఆయన డ్యూటీకి పోయి మళ్ళీ రాలేదు. పైకప్పు పడిందన్నారు. ఆ ఇంటివాళ్ళు సామాను బండికెత్తుకుని పోయిన రోజు నుంచి అవ్వ మాటలన్నీ నాకు నిజమనిపించాయి.

ఆ మధ్యాహ్నం నలుగురు పిల్లలు పాత సొరంగంలో చిక్కుకున్నారు. పైడయ్య తాత లాంతరు పట్టుకుని లోపలికి పోయాడు. ఒక్కొక్కరినీ బయటికి నెట్టాడు. ఓదెలు కాక బీడీ ఆరిపోయినా చూసుకోలేదు. అవ్వ టిఫిన్ గిన్నె కడుతూ గడప దగ్గర నిలబడి వింటోంది. పైకి చదివేటప్పుడు కన్ను నోటికంటే రెండు వాక్యాలు ముందు నడుస్తుంది. నా కన్నుకు ఆ వాక్యం కనబడింది. చివరి పాపను నెట్టి వెనక్కు తిరిగిన పైడయ్య తాత మీద సొరంగం పైకప్పు కూలింది. ఆ కింది వాక్యంలో ఆయన చనిపోయాడు. ఎదురుగా బాపు డ్యూటీ చొక్కా వేసుకుని, నడుముకు పట్టీ బిగించుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని నా మొహంలోకి చూస్తున్నాడు.

నా గొంతు ఆగలేదు. ఎట్లా ఆగలేదో ఇప్పటికీ తెలియదు. "కప్పు కూలింది. పైడయ్య తాత పక్కకు దుంకిండు. కాలు ఇరిగింది. పిల్లలు నలుగురు కలిసి గుంజుకొచ్చిన్రు. దవాఖానకు తీస్కపోయిన్రు. అయిపోయింది" అని పుస్తకం మూసేశాను. ఇంకా మూడు పేజీలు ఉన్నాయి.

బాపు మంచం పట్టెను కణుపుతో కొట్టాడు. "ఏందో బిడ్డా, ఈడ జర బోలు పలుకుతున్నది. గంత కప్పు మీద పడితె ఒక్క కాలే ఇరిగిందా?"

"ఏం, గట్ల బతికినోళ్ళు లేరా కొమురన్నా? ముసలోని నూకలు గట్టియి" అన్నాడు ఓదెలు కాక.

బాపు నన్నే చూస్తున్నాడు. నేను పుస్తకం అట్ట మీద వేలితో గీతలు గీస్తున్నాను. "సరే తియ్యి. బతికిండు గదా, గంతే చాలు" అని లేచాడు. అవ్వ గిన్నె అందించింది. ఇద్దరూ కలిసి పోయారు. ఆ పూటంతా నాకు ఏ పనీ తోచలేదు. మర్నాడు పొద్దున కళ్ళు తెరిచీ తెరవగానే గడప పక్కకు చూశాను. బాపు బూట్లు ఉన్నాయి. అప్పుడు నాకు ఒక పిచ్చి నమ్మకం కుదిరింది. పైడయ్య తాత బతికి ఉన్నన్నాళ్ళు మా బాపు తిరిగొస్తాడు. అందుకని పైడయ్యను బతికించే భారం నాదే అనుకున్నాను.

ఇప్పుడు ఇది రాస్తుంటే నవ్వొస్తుంది గాని అప్పుడు నవ్వు కాదు. ఆరో భాగం కావాలంటే చీటీ రాయాలి. ఉన్నది రాస్తే ఓదెలు కాక చదువుతాడు, చదివింది కడుపులో దాచుకునే మనిషి కాదు. అందుకే "పైడయ్య తాత కాలు విరిగినా బతికి బయటపడటం చాలా నచ్చింది. మంచివాళ్ళకు మంచే జరుగుతుందని తెలిసింది" అని రాసి కింద 1147 వేశాను. పంతులు సార్ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చదివాడు. ఆరో భాగం కోసం చెయ్యి చాపాను. ఆయన తాళంచెవి తీయలేదు.

"ఆఖరి దాక చదివినవా?"

"చదివిన సార్."

"చదివితె గిది రాయవు. ఆఖరి దాక చదవకుండ ఎవలనో అడిగి రాసినవు. నీకు ఆరో భాగం లేదు. పో" అన్నాడు.

పోలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. నేను చదవలేదని ఆయన అనడం నాకు అబద్ధం కంటే పెద్ద అవమానంగా తోచింది. ఏడుస్తూనే అంతా చెప్పాను, సెకండు షిఫ్టు సంగతి, బాపు చొక్కా సంగతి, బూట్ల సంగతి. క్యారమ్స్ ఆడేవాళ్ళు ఇటు తిరిగి చూస్తుంటే పంతులు సార్ "మీ ఆట మీరు ఆడుకోండ్రి" అని వాళ్ళను కసిరాడు. తర్వాత కలం నా చేతికిచ్చాడు. "ఇంట్ల మీ బాపుకు నువ్వు ఏం చదివి ఇనిపిస్తవో గది మీ ఇల్లు, నాకు అడిగే హక్కు లేదు. చీటీల మాత్రం అబద్ధం ఉండొద్దు. నీ ఎనుక ఇంకొకలు చదువుతరు గద. కొట్టేసి నిజం రాయి" అన్నాడు.

"ఓదెలు కాక చూస్తడు సార్."

ఆయన బల్ల సొరుగు లాగాడు. "చూడడు. ఈ పుస్తకం కొన్నొద్దులు నా సొరుగుల ఉంటది" అన్నాడు.

మొదటి రెండు వాక్యాలు కొట్టేశాను. దాని కింద ఇంకో రెండు రాశాను. అవే నేను నిజంగా రాసిన మొదటి సమీక్ష. అవి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "పైడయ్య తాతను చంపకుండా ఉండాల్సింది. కప్పు పడేముందు దుంగలు పలుకుతాయి, మా బాపుకు తెలుసు, ఈ రచయితకు తెలియదు." పంతులు సార్ అది రెండుసార్లు చదివాడు. "ఇగో, గిప్పుడు చదివినవు" అని జంధ్యానికి ఉన్న తాళంచెవి తీశాడు.

అబద్ధం ఒకటి ఆడితే దాన్ని నిలబెట్టడానికి ఏడు ఆడాలని ఊరికే అన్నారా. ఆరో భాగం మొదలే పైడయ్య తాత లేని నీలికొండ. పిల్లలు ఆయన గుడిసె ముందు కూర్చుని ఏడుస్తారు. నేను ఆ గుడిసెలో మంచం వేసి, దాని మీద తాతను పడుకోబెట్టి, కాలికి కట్టు కట్టాను. పిల్లలు వచ్చి ఆయన్ని సలహా అడిగి పోతారు. సలహాలన్నీ నావే. పుస్తకంలో పిల్లలు తమంతట తాము కనిపెట్టిందాన్ని కాస్తా తాత నోట పెట్టేసేదాన్ని. తాతను లేపి నడిపిస్తే అన్ని సాహసాల్లోనూ ఇరికించాల్సి వస్తుంది, అది నావల్ల కాదు. అందుకని కట్టు విప్పనివ్వలేదు. ఆరో భాగం అయిపోయింది, ఏడో భాగం సగానికి వచ్చింది, వానలు వచ్చి పోయాయి, తాత కాలికట్టు అట్లాగే ఉంది. బాపు రోజూ చాయ్ తాగుతూ మొదట అడిగేది అదే. "పైడయ్య కాలు ఎట్లున్నది బిడ్డా?"

"ఇంక కట్టు ఇప్పలేదు బాపు."

"ఏం దవాఖాన అది? మన తాన నెలన్నరకు ఇప్పుతరు" అనేవాడు. ఓదెలు కాక అందుకుని, కట్టు కట్టిన డాక్టరే అసలు దొంగ, రాసిపెట్టుకో అనేవాడు. బాపు నవ్వేవాడు. నేను నవ్వలేక నవ్వేదాన్ని. ఏ రోజు పట్టుబడతానో అని భయంగా ఉండేది. కాని ఆ రెండు భాగాలు అయ్యేదాకా బాపు మళ్ళీ ఒక్కసారి కూడా మంచం పట్టెను కొట్టలేదు. బాగా కల్పిస్తున్నానని అప్పుడు నేను లోలోపల మురిసిపోయాను కూడా.

తర్వాత నేను ఇంటర్మీడియట్‌కు కరీంనగర్ హాస్టల్లో చేరాను. ఇంట్లో చదివి వినిపించే దిక్కు లేకుండా పోయింది. ఆ రోజుల్లోనే ఫస్టు షిఫ్టు వారాల్లో పంతులు సార్ దగ్గర బాపు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాడు. బొగ్గు పట్టిన వేళ్ళు బలపం పట్టుకుంటే విరిగిపోయేదట. ఒకరోజు హాస్టలుకు ఆయన చేతిరాతతో కార్డు వచ్చింది. నాలుగు వాక్యాలు, ఒక్కో అక్షరం రేగిపండంత. మంచిగ తిను, మంచిగ చదువు, అవ్వ బాగున్నది, ఓదెలు బాగున్నడు. అంతే. అక్షరాలు వచ్చాక ఆయన ఏం చదివాడో నేను అడగలేదు. పేపరు చదువుతాడని అనుకున్నాను. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, వాటి మధ్య అడగాల్సినవి చాలా అడగకుండా వదిలేశాను.

ఇన్నేళ్ళలో బాపు మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. నేను ఎప్పుడు ఇంటికి వచ్చినా నీళ్ళచెంబు అందించి "ఏం బిడ్డా, పైడయ్య కాలు మంచిగైందా?" అనేవాడు. పలకరింపులాగా అయిపోయింది అది. చివరి రోజుల్లో ఊపిరితిత్తులు మొరాయించి దవాఖానలో ఉన్నప్పుడు కూడా, ముక్కుకు గొట్టం పెట్టుకుని, అదే అడిగాడు. ఆ పూట నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూశాక చెప్పలేకపోయాను. "నడుస్తుండు బాపు" అన్నాను. "మంచిది" అన్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులే ఉన్నాడు. నన్ను నమ్మిన మనిషిని చివరి దాకా మోసం చేసి పంపించానే అన్న బాధ అప్పటి నుంచి నాతోనే ఉండేది.

ఇప్పుడు పుస్తకాలు నా దగ్గరికి ఫోనులోనే వస్తాయి. ఒక భాగం చదవడం అయిపోకముందే తర్వాతి భాగం ముఖచిత్రం కూడా వచ్చేస్తుంది. అభిప్రాయం చెప్పాలంటే ఐదు చుక్కల్లో ఎన్ని నింపాలో నింపితే చాలు, ఎందుకు అని అడిగే పంతులు సార్ లేడు. పిల్లలు బాగానే చదువుతున్నారు, చదవడం లేదని నేను అనను. ఒక్కొక్కరూ ఒక్కో మూల కూర్చుని, చివర చెప్పొద్దని ఒకరినొకరు బెదిరించుకుంటూ చదువుతున్నారు. మాకు చదవడమంటే నలుగురి పని. కథలో పెద్దవాళ్ళను చంపితే తప్ప పిల్లలు ఎదగరని ఇప్పటి రచయితలకు ఒక నమ్మకం. ఏ సిరీస్ తీసుకున్నా మూడో భాగంలోనో నాలుగో భాగంలోనో ఒక తాతో అత్తో పోవాల్సిందే. అలాంటి చోటు వచ్చినప్పుడల్లా నేను కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, దుంగలు పలికాయా అని వెనక్కు పోయి వెతుకుతాను. పలికి ఉంటే ఏడుస్తాను. పలకకపోతే ఆ నెల ఆ రచయితకు మూడినట్టే.

వాణి చాయ్ తెచ్చి ఎదురుగా కూర్చుంది. "ఇంక చూడలేదా? మీ బాపుకు అక్షరాలు వచ్చినంక మొదలు ఏ పుస్తకం ఇయ్యాలె అని నాన్న అడిగిండట. నీలికొండ ఐదో భాగమే కావాలన్నడట. వానకాలం మొదలువెట్టి చలికాలందాక చదివిండట, క్లబ్బులనే కూసొని, రోజుకింత. బిడ్డకు చెప్పద్దని నాన్నతోని ఒట్టు పెట్టించుకున్నడట" అంది.

వెనక అట్ట తిప్పాను. చీటీ గోధుమరంగుకు తిరిగింది. పైన నేను కొట్టేసిన రెండు వాక్యాలు, కొట్టివేత కింద నుంచి ఇంకా కనబడుతున్నాయి. దాని కింద నేను తర్వాత రాసిన రెండు వాక్యాలు. ఆ కింద మిగిలిన చోటంతా నిండేలా, ఒక్కో అక్షరం రేగిపండంత, గీత మీద నిలవని రాత.

"పుస్తకంల పైడయ్య చచ్చిపోయిండు. మా ఇంట్ల బతికిండు. మా బిడ్డ చదివిందే గట్టిగ పలుకుతున్నది."

కింద, రూలు ప్రకారం, 1147.